మగ్గం గుంతలో పరకలు

ఉచ్చీరమ్మ ఇంటి పంచలో మూడు మట్టి బానలు ఉంటాయి. వాటికి చుట్టిన గోనెపట్టాలను పొద్దున ఒకసారి, ఎండ ముదిరాక రెండుసార్లు తడుపుతుంది. బానల్లో చిటికెన వేలంత పరకచేపలు గిరగిరా తిరుగుతుంటాయి. అవి తినడానికి కాదు, గాలాలకు ఎర.

డ్యాం నీళ్లలో వంద గాలాల తాడు పరిచేవాళ్లకు ఎర బతికి ఉండాలి. గాలానికి గుచ్చిన పరక నీళ్లలో కదులుతుంటేనే కొరమీను వచ్చి మింగుతుంది. చచ్చినదాన్ని మూతితో కూడా తాకదు. ఎమ్మిగనూరు పక్క ఎండల్లో ఆ పిడికెడు ప్రాణాలను నిలబెట్టడం అందరికీ చేతకాదు. ఉచ్చీరమ్మకు చేతనవును. ఇరవై ఏళ్లుగా గాలాలవాళ్లు పొద్దు పొడవకముందే చెంబులు పట్టుకొని ఆమె వాకిట్లో నిలబడతారు. దానికి ఒక వాడుక కూడా ఉంది. తాడు లాగినప్పుడు పడిన మొదటి చేప ఎర సాకిన చేతిది. అది జానెడు ఉన్నా మూరెడు ఉన్నా ఎవరూ వంక పెట్టరు. గట్టుకు రాగానే "మొదటిది వదినది" అని పక్కన పెడతారు. ఉచ్చీరమ్మకు పొలం లేదు, పిల్లలు లేరు. ఊర్లో ఆమెకున్న పెద్దరికమంతా ఆ మొదటి చేపే.

ఈ ఏడు ఉగాది పోయిన పది దినాలకు ఆ పెద్దరికానికి చిల్లు పడింది.

ఆ రోజు వడగాలి. మధ్యాహ్నానికల్లా రెండు బానల్లో నీళ్లు కాగిపోయి పరకలన్నీ తెల్లటి పొట్టలు చూపిస్తూ తేలాయి. పంచ మీది రేకుకు మూడేళ్ల కింద చిల్లు పడింది. సరిగ్గా నడిపొద్దు వేళ ఆ చిల్లులోంచి ఎండ బానల మీదే పడుతుంది. "రేపు మారుస్తాలే" అని తనూ గాలాలు వేసే ఆమె మొగుడు గిడ్డయ్య మూడేళ్లుగా అంటూనే ఉన్నాడు. సాయంత్రం గాలాలవాళ్లతో ఎరకు వచ్చిన గోవిందన్న బానలోకి తొంగిచూసి, "ఏంది వదినా, ఎర అడిగితే పులుసు చేసి పెట్టినావే" అన్నాడు. అందరూ నవ్వారు. గిడ్డయ్య కూడా నవ్వాడు.

ఎదురింటి గడపలో కూర్చుని ఎవరి మగ్గానికో నూలు కండెలు చుడుతున్న పద్మమ్మ మాత్రం నవ్వలేదు. చుట్టే చెయ్యి ఆపి, "అక్కా, మా మగ్గం గుంత ఊరికే ఉండాది గదా. ఎంత ఎండకైనా ఆడ చల్లగా ఉంటాది. దాంట్లో నీళ్లు పోసి పెడితే ఇవి బతకవా?" అంది.

ఆ మాట ఆమె ఉచ్చీరమ్మతోనే అంది. అందుకున్నది మాత్రం గిడ్డయ్య.

పద్మమ్మ మొగుడు వీరేశం నేతగాడు. గుంతలోకి కాళ్లు దించుకొని నలభై ఏళ్లు తొక్కుడు చెక్కలు తొక్కేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. నిరుడు మగ్గం విప్పి కట్టెలన్నీ అటకెక్కించారు. గుంత మాత్రం నడింట్లో నోరు తెరుచుకొని మిగిలిపోయింది. ఆ ఇంట్లో చేప వండరు, తినరు. గిడ్డయ్య ఆ సంగతే అడిగితే వీరేశం మంచం మీద నుంచి, "పట్టేది మీరు, సంపేది మీరు, తినేది ఇంకోళ్లు. మేము సాకేదే గదప్పా. సాకినందుకు పాపం యాడ వస్తాది?" అన్నాడు. అంతటితో ఆ అడ్డు కూడా తీరిపోయింది.

గిడ్డయ్యకు కాస్త గోడపని వచ్చు. మరుసటి రోజు నుంచే దిగాడు. ఎమ్మిగనూరు నుంచి ఆటోలో బండలు తెప్పించాడు, రెండు మూటలు సిమెంటు తెచ్చాడు. గుంత అడుగున కంకర దిమ్మిస చేసి, నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, సందులన్నీ పూశాడు. అడుగును ఒక పక్కకు వాలుగా చేసి, మురికి అక్కడికి చేరితే చెంబుతో తోడుకునేటట్టు చిన్న పల్లం పెట్టాడు. వీరేశం కూర్చునే గట్టును అట్లాగే ఉంచాడు, దాని మీద కూర్చుని నీళ్లు తోడవచ్చని. పైకి వెదురు చట్రం కట్టి పాత దోమతెర బిగించాడు.

ఉచ్చీరమ్మ ఇటు పక్క గడపలో కూర్చుని అన్నీ చూసింది. మూలలను పదునుగా వదలకుండా గుండ్రంగా పూస్తుంటే లేచి ఎదురింటి గుమ్మం దాకా పోయింది. మూల ఉంటే చిన్న చేపలు ఒకదాన్నొకటి తోసుకొని అక్కడే నలిగి చస్తాయని గిడ్డయ్యకు చెప్పింది ఎవరు? తనే. ఏడెనిమిదేళ్ల కింద, తనకూ ఒక తొట్టి కట్టి పెట్టమని అడిగినప్పుడు. తన ఇంట్లో ఆ మాట గాలికి పోయింది. ఆ ఇంట్లో సిమెంటయింది.

పని నడిచినన్ని దినాలు గిడ్డయ్య పొద్దున్నే పోయి పొద్దు వాలాక వచ్చేవాడు. వస్తూనే, "పద్మమ్మ ఉగ్గాని చేసింది మే, బజ్జీలు కూడా" అనేవాడు.

"నేను చేసింది ఏనాడన్నా ఇట్ల ఊరంతా టముకు వేసినావా?"

"నువ్వు చేసేది రోజూ తినేదే గదా."

"రోజూ తినేదానికి రుచి ఉండదులే. రేకు చిల్లు కూడా రోజూ చూసేదే."

గిడ్డయ్య చెవి గీరుకొని కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు.

పచ్చి సిమెంటు కాటుకు చేప నిలవదు. అందుకని గుంత నింపి, అరటిబోదె ముక్కలు, పేడ వేసి, మూడు దినాలు నాననిచ్చి పారబోశారు. మూడు తడవలు అట్లాగే చేశారు. ఆ తరువాత ఒక గురువారం పొద్దున పద్మమ్మ కుంకుమ భరిణె పట్టుకొని వచ్చింది.

"అక్కా, నువ్వే వచ్చి మొదట నీ చేత్తో వదలల్ల. నీ చెయ్యి మంచిది."

ఉచ్చీరమ్మకు ఆ క్షణం మనసు కొంచెం మెత్తబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకొని లేవబోయింది.

"ఇంకోటి అక్కా" అంది పద్మమ్మ. "ఇంక ఎర మా ఇంటి నుంచి గదా పోయేది. మొదటి చేప మాకే ఇస్తారంట. మేమేం చేసుకుంటాం? నువ్వు దిగులు పడొద్దు, అది నేను నీకే పంపిస్తా."

అంతే. మెత్తబడిన మనసు మళ్లీ రాయి అయింది. పద్మమ్మ మొహంలో వెతికితే కూడా కుళ్లు లేదు. అదే ఉచ్చీరమ్మకు ఇంకా మండింది. ఇరవై ఏళ్లు తన హక్కుగా నడిచి వచ్చిన చేప ఇంక ఎదురింటి నుంచి దానంగా రావాలి. అది కూడా చేప వాసనకు ముక్కు మూసుకునే దాని చేతి మీదుగా.

వెళ్లింది. కుంకుమ పెట్టించుకుంది. తన బానలోంచి ఒక చెంబెడు పరకలు తెచ్చి వదిలింది. తోడేటప్పుడు చురుకైనవి చేతికి తగిలితే జారనిచ్చి, నిదానంగా తిరిగేవాటినే ఏరింది. మిగతావాటిని గోవిందన్న, గిడ్డయ్య సన్నవలతో పట్టి గంపల కొద్దీ తెచ్చి పోశారు. బానలో వంద పట్టేచోట గుంతలో వేలు పట్టాయి. గోవిందన్న దోమతెర ఎత్తి చూసి, "వదినా, ఇంక నీ బానలకు పింఛను ఇయ్యల్ల" అన్నాడు.

"నీ నోటికి ముందు ఇస్తే ఊరు బాగుపడతాది" అంది ఉచ్చీరమ్మ. నవ్వుతూనే అంది.

శుక్రవారం సాయంత్రం పాలలోకి తోడు కావాలనే నెపం పెట్టుకొని మళ్లీ పోయింది. అసలు చూడాలనుకున్నది గుంతనే. ఒక్కటైనా చచ్చి తేలిందేమో అని ఆశ. ఒక్కటీ తేలలేదు. పద్మమ్మ గట్టు మీద కూర్చుని, పెద్ద చెంబుతో తెల్లగా ఏదో పోస్తోంది.

"ఏంది అది?"

"గంజి అక్కా. ఉప్పు కూడా వెయ్యలేదు. నూలుకైనా గంజి పెడితేనే గదా బలం వచ్చేది. ఇవి పసిబిడ్డలట్లాటివి, ఉత్త నీళ్లు తాగి ఏం బతుకుతాయి?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పద్మమ్మ చూసింది అదే. పోగు తెగుతుంటే గంజి, మెత్తబడితే గంజి. గంజి పట్టిన నూలు మగ్గం మీద ఎన్ని దెబ్బలైనా ఓర్చుకుంటుంది. చేప సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? గిడ్డయ్యను అడిగితే, "ఏముందమ్మా, నీళ్లుంటే అవే బతుకుతాయి" అన్నాడట. ఇరవై ఏళ్లు బానలోకి చెయ్యి పెట్టి ఎర తీసుకుపోయిన మనిషి, అవి ఏం తింటాయో ఎట్లా బతుకుతాయో పెళ్లాన్ని ఒక్కనాడూ అడగలేదు.

ఉచ్చీరమ్మకు తెలుసు. గంజి నీళ్లలో రాత్రికి రాత్రి పులుస్తుంది. పులిసిన నీళ్లలో చేపకు ఊపిరాడదు. కాపురానికి వచ్చిన కొత్తలో అన్నం మెతుకులు వేసి ఒక బాన మొత్తం చంపుకొని నేర్చుకున్న సంగతి అది.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే బయట నుంచి గిడ్డయ్య లోపలికి అడుగుపెడుతూ, "పద్మమ్మా, నిన్నటి నుంచి చూస్తాండా, నీళ్లు అద్దం లెక్క ఉండాయి. మా ఇంటి బానలు చూడు, ఎప్పుడు చూసినా పాచే" అన్నాడు. పెళ్లాం అక్కడే ఉందని తరువాత చూసుకున్నాడు.

ఆ పాచిని కావాలనే ఉంచుతుంది ఉచ్చీరమ్మ. ఆ పాచి తినే అవి బతుకుతాయి. ఆమె మాట మింగేసి, తోడు గిన్నె అందుకొని వచ్చేసింది.

శనివారం పొద్దున ఆమెకు కూడు సయించలేదు. చెప్పేద్దామని వీధి దాటింది. లోపల గిడ్డయ్య, వీరేశం ఏదో మాటకు పడిపడి నవ్వుతున్నారు. వెనక్కి వచ్చేసింది. ఆదోని హోటలాయనకు ఆదివారానికి బతికున్న కొరమీన్లు కావాలని గోవిందన్న ఫోన్లో మాట్లాడుతూ వీధిలో పోతుంటే విన్నది. అందరూ కలిసి ఆరు తాళ్లు వేస్తారట. ఆరు తాళ్లకూ ఎర గుంతలోదే. తన పేరు ఎవరి నోటా రాలేదు.

సాయంత్రం మళ్లీ పోయింది. ఈసారి నెపం కూడా పెట్టుకోలేదు. నీళ్లు కొంచెం తెల్లబారి ఉన్నాయి. పరకలన్నీ పైకి వచ్చి, మూతులు నీటి మీదికి పెట్టి, గబగబా నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పద్మమ్మ మొహం వెలిగిపోతోంది.

"చూడక్కా, నన్ను గుర్తుపట్టినాయి! నేను వస్తే చాలు, ఆకలని పైకి వచ్చి నోళ్లు తెరుస్తాండాయి."

అవి అడుగుతున్నది కూడు కాదు, గాలి. ఉచ్చీరమ్మకు ఒక్క చూపులో తెలిసింది. అప్పటికైనా సగం నీళ్లు తోడిపోసి, కొత్త నీళ్లు ఎత్తు నుంచి ధారగా పోస్తే సగమైనా బతికేవి. పద్మమ్మ చెంబు ఎత్తింది.

"ఇంకో చెంబు పొయ్యనా అక్కా? సరిపోయినట్లు లేదు."

ఉచ్చీరమ్మ చెంబు వైపు చూసింది, పద్మమ్మ వైపు చూసింది.

"నీ ఇష్టం. నీ గుంత" అంది.

ఆదివారం తెల్లవారేసరికి వీధిలో అరుపులు. ఉచ్చీరమ్మ చీపురు పట్టుకొని వాకిట్లోనే నిలబడింది. వాసన అక్కడిదాకా వస్తోంది. పద్మమ్మ ఇంట్లో గాలాలవాళ్లందరూ చెంబులు పట్టుకొని గుంత చుట్టూ నిలబడ్డారు. నీళ్లు కనిపించడం లేదు, తెల్లటి పొట్టలే. గిడ్డయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో నలుపుతున్నాడు. ఉచ్చీరమ్మ వీధి దాటి ఆ గడప తొక్కగానే అందరూ ఒకేసారి తిరిగి చూశారు.

"నిన్న పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి వచ్చినావంట" అన్నాడు గోవిందన్న. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "ఏం కలిపినావు వదినా?"

ఉచ్చీరమ్మ మొగుడి వైపు చూసింది. కాదని అతను ఒక్క మాట అంటే చాలు. గిడ్డయ్య తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ కళ్లలో కూడా అదే ప్రశ్న ఉంది.

గోవిందన్న మాటకు అడ్డం వచ్చింది పద్మమ్మే. ఏడ్చి ఏడ్చి ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

"నోరు కడుక్కో గోవిందన్నా! అక్క అట్లాటి మనిషి కాదు. నేను గంజి పోస్తాంటే రెండు దినాలూ పక్కనే ఉండింది. నేను పోసింది గంజే, నా చేత్తోనే పోసినాను. అది చెడ్డదైతే అక్క సెప్పకుండా ఉంటాదా?"

వీరేశం మంచం మీద నుంచి, "అదే గదా. తెలిసినోళ్లు పక్కనుంటే చెడేది యాడిది? ఏదో దిష్టి" అన్నాడు.

నిందకు ఎదురు నిలబడటానికి ఉచ్చీరమ్మ సిద్ధంగానే వచ్చింది. ఒట్టు వేయడానికీ, దుమ్మెత్తి పోయడానికీ మాటలు కూర్చుకునే వచ్చింది. ఈ నమ్మకాన్ని మాత్రం ఆమె అనుకోలేదు. చీపురు ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. గోడకు ఆనించింది.

"నేనేం కలపలేదు" అంది. "ఆ గంజే సంపింది. గంజి పులిస్తే వీటికి ఊపిరాడదు. నాకు తెలుసు. శుక్రవారమే తెలుసు. నిన్న అవి నోళ్లు తెరిచేది కూడా సూసినాను. తెలిసే ఊరకున్నాను."

దోమతెర మీద ఈగలు ముసురుతున్నాయి.

"ఎందుకక్కా?" అంది పద్మమ్మ.

"మొదటి చేప నాకు పంపిస్తా అంటివే." అంది ఉచ్చీరమ్మ. "అది నాదే. ఇరవై ఏండ్లు నాదే. నాది నాకు నువ్వు ఇచ్చేదేంది?" ఆమె ఒక్కసారి గిడ్డయ్య వైపు తిరిగింది. "మూలలు గుండ్రంగా పూసినావే, ఆ మాట ఎవరిది? ఆమెకు సెప్పినావా అది ఎవరి మాటో?"

గిడ్డయ్య తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకోసాగాడు.

పద్మమ్మ కొంగు బిగించి, చాట అందుకొని, గట్టు మీద కూర్చుని చచ్చిన పరకలను ఎత్తి బయటికి పోయడం మొదలుపెట్టింది. చేప వాసనకు రెండుసార్లు బయటికి పరుగెత్తి వచ్చింది. మూడోసారి ఆమె వచ్చేసరికి ఉచ్చీరమ్మ చీర మోకాళ్లదాకా ఎగదోపుకొని గుంతలోకి దిగి ఉంది. ఇద్దరూ పొద్దెక్కేదాకా తోడారు. మధ్యలో పద్మమ్మ చెయ్యి చాచి అంది.

"ఉచ్చీరమ్మా, ఆ చెంబు ఇట్ల ఇయ్యి."

అక్కా అనలేదు. ఉచ్చీరమ్మ చెంబు అందించింది.

ఆ రోజు ఆదోనికి చేపలు పోలేదు. ఉచ్చీరమ్మ బానల్లో మిగిలిన ఎర ఒక్క తాడుకు కూడా చాలలేదు. తన బానలే ఉంటే చాలునని ఇన్నాళ్లూ అనుకుంది గానీ, ఆరు తాళ్లకు ఆ మూడు బానలు చాలవని ఆ పొద్దున ఆమె కళ్లతోనే చూసింది.

మరునాడు ఆమె బండలను కొబ్బరి పీచుతో రుద్ది కడిగింది. డ్యాం నీళ్లు పట్టించింది. తన బానలోని పాచి నీళ్లు ఒక కడవ తెచ్చి కలిపి, నీటి గడ్డి రెండు దుబ్బలు వేసింది. నీళ్లు నిలబడ్డాక ఒక బానలోని పరకలన్నీ తెచ్చి వదిలింది. ఈసారి ఏరలేదు. చురుకైనవి కూడా పోయాయి. మిగతావి గాలాలవాళ్లు మళ్లీ సన్నవలతో పట్టి తెచ్చి పోశారు. "రోజూ పొద్దున సగం నీళ్లు తోడల్ల. కొత్తవి ఎత్తు నుంచి పొయ్యల్ల, నురగ రావల్ల. నీళ్లకు గాలి తినిపియ్యల్ల" అని చెప్పింది. పద్మమ్మ వింది. తరువాత, "నాకు రాదు. నువ్వే వచ్చి చూసుకో. మళ్లా పోతే ఊరు నన్ను అనదు, నిన్నే అంటాది" అంది. అందులో పిలుపూ ఉంది, వాతా ఉంది. ఉచ్చీరమ్మ రెండూ తీసుకుంది.

పదిహేను దినాలకు ఆరు తాళ్లూ పడ్డాయి. గోవిందన్న మొదటి చేప పట్టుకొని వచ్చాడు. మోచేతి పొడవు కొరమీను, ఇంకా తోక కొడుతోంది. వచ్చి రెండు గడపల నడుమ వీధిలో నిలబడిపోయాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.

పద్మమ్మ కండె చుడుతూ తల ఎత్తకుండానే, "నా దిక్కు చూస్తావేంది? ఎర సాకిన చెయ్యి ఆ ఇంట్లో ఉండాది" అంది.

ఆ పూట పులుసు తింటూ గిడ్డయ్య, "ఎంతైనా గుంత గుంతే మే, ఆ చల్లదనం బానకు యాడొస్తాది" అన్నాడు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ తలకాయ ముక్క పిల్లికి పోతాది."

అతను గబగబా ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మరునాడు నిచ్చెన వేసుకొని రేకు మార్చాడు. ఆమె బాగుందనలేదు.

ఇప్పటికీ ఉచ్చీరమ్మ పంచలో బానలు ఉన్నాయి. పొద్దున లేవగానే ముందు వాటి గోనెపట్టాలు తడిపి, ఆ తరువాతే వీధి దాటుతుంది. నిన్న పోయేసరికి పద్మమ్మ వాకిట్లో బర్రె తొట్టి దగ్గర గంజి చెంబు పట్టుకొని నిలబడి ఉంది.

"ఉచ్చీరమ్మా, చూసుకో. గంజి తొట్లోనే పోస్తాండా."

"చూసినాలే" అని ఉచ్చీరమ్మ లోపలికి పోయింది. వీరేశం కూర్చునే గట్టు మీద కూర్చుని, అతని మాదిరే కాళ్లు గుంతలోకి దించింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. తన బానలు ఏనాడూ ఇంత చల్లగా లేవు. ఆ సంగతి పైకి అనడానికి ఆమెకు ఇంకా మనసు రాలేదు. పరకలు గుంపుగా వచ్చి పాదాల చుట్టూ మూతులు ఆనించాయి. చెంబు తల ఎత్తుకు లేపి ధారగా పోయసాగింది. బయట పద్మమ్మ వీధిలో పోయే ఎవరినో "అక్కా" అని పిలిచింది. ఉచ్చీరమ్మ చెయ్యి ఆగింది. ఆ పిలుపు తనకు కాదు. పిలిపించుకున్నది ఎవరో చూద్దామని మెడ సాచింది గానీ గోడ అడ్డం వచ్చింది. మళ్లీ చెంబు ముంచింది.